ఎండగట్టిన పంతొమ్మిది రోజులు

నా కిడ్నీ ఒక్కొక్కటి గుమ్మడికాయంత ఉందని, ఆ బరువు మోయలేకే చేతికర్ర పట్టానని మా ఊళ్లో అందరికీ చెప్పాను. హోటల్ దగ్గర చాయ్ తాగేవాళ్లు నా అంగీ ఎత్తి చూసి నిజమేనని తలలూపారు. అబద్ధం. వాళ్లు చూసింది నా పొట్టను. కిడ్నీ మామూలుగా పిడికిలంత ఉంటుందట, నావి రెండేసి పిడికిళ్లంత ఉన్నాయి. కర్ర మోకాలి నొప్పికి పట్టింది.

ఈ సంగతి ముందే ఒప్పుకోవడానికి కారణం ఉంది. ఇక్కడ రాయబోయేది కొందరికి పనికొస్తుంది. మా ఇంట్లో లాగే తాత, తండ్రి నడుము రెండు పక్కలా ఉబ్బి, కాళ్లు మొహం వాచి చనిపోయిన ఇళ్లు ఇంకా ఉంటాయి. వాళ్లు నమ్మాలి. అందుకని ఎక్కడ పెంచినా అక్కడే ఆగి దించుతాను. అలవాటైన చెయ్యి, ఒకటి రెండు చోట్ల జారితే క్షమించండి.

మాది కట్టంగూర్ దగ్గర పల్లె. నాకు డెబ్బై ఒక్క ఏళ్లు. మా నాయిన ఒకరి బత్తాయి తోటలో కూలికి పాదులు తవ్వినవాడు. నేను అయిదెకరాల తోట పెట్టినవాణ్ణి. అంటే మూడెకరాల తోట, మిగతాది రాళ్ల చెలక. నాయిన యాభై ఏడో ఏట పోయాడు. మా దిక్కు ఏ రోగమొచ్చినా ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్ల మీద పెట్టేస్తాం. నాయినను కూడా నీళ్లే తిన్నాయన్నారు. నేనూ అదే నమ్మాను.

రెండేళ్ల కింద, వానాకాలం

ఒక పొద్దున మూత్రం ఎర్రగా వచ్చింది. మా ఆవిడ లచ్చమ్మకు చెప్పలేదు. బీట్‌రూట్ తిన్నాననుకుందామంటే ఆ కూర మా ఇంట్లో ఎన్నడూ వండలేదు. మూడు రోజులకు తానే కనిపెట్టి బిడ్డకు ఫోన్ చేసింది. మాకు ఒక్కతే బిడ్డ, సుజాత. మహబూబ్‌నగర్‌లో సర్కారు బడి టీచరు. మరుసటి రోజే వచ్చి నన్ను అక్కడి పెద్ద దవాఖానకు తీసుకుపోయింది.

కిడ్నీల డాక్టరమ్మ చిన్న మనిషి, మెల్లగా మాట్లాడుతుంది. స్కానింగ్ బొమ్మను లైటు పెట్టె మీద పెట్టి చూపించింది. నల్లగా గుండ్రంగా పదులకొద్దీ మచ్చలు. అవన్నీ నీళ్ల సంచులని, ఏళ్ల తరబడి నిండుతూ మంచి కిడ్నీని పక్కకు నెడతాయని చెప్పింది.

"ఇది బోరు నీళ్లతోని వచ్చింది కాదు పెద్దయ్యా. పుట్టుకతోనే ఉన్నది. మీ నాయినకు ఉండి ఉంటది. మీ పిల్లలకు రావచ్చు, రాకపోవచ్చు, సగం సగం. ఒకసారి తీస్కరండి, స్కానింగ్ చేద్దాం."

సుజాత అప్పుడు మందుల కిటికీ దగ్గర వరసలో నిలబడి ఉంది. నేను బయటికి రాగానే నా మొహం చూసి, "ఏమన్నది నాయినా?" అంది.

"గిదేం పెద్దది కాదు బిడ్డా. మగోళ్లకే వస్తదట. ఆడపిల్లలకు రాదట."

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. వచ్చాక వెనక్కి తీసుకోలేదు. బతుకంతా లేనిది పెంచి చెప్పాను. ఉన్నది దాచి చెప్పింది మాత్రం అప్పుడే. సుజాత భుజాలు కొంచెం కిందికి దిగాయి, మందుల సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. నాకు అంతే చాలు అనిపించింది. ఆ తర్వాత ఆమె ఇంటికి పోయినప్పుడల్లా ఆమె నడుము వైపు చూడడం నాకు అలవాటైపోయింది.

పోయిన నవంబరు

మూడు నెలలకోసారి రక్తం చూపించుకుంటున్నాను. కిడ్నీ చెడ్డకొద్దీ పెరిగే అంకె, క్రియాటినిన్, రెండున్నర దగ్గర నిలకడగా ఉంది. ఆ రోజు డాక్టరమ్మ దగ్గర జనం తక్కువ. నేను ఊరుకోక అడిగాను.

"మేడం, అన్ని సంచులు అయితుంటే, ఉన్న మంచి కిడ్నీ ఏడికి పోతాంది?"

ఆమె కలం పక్కన పెట్టింది. మన ఒంట్లో ఉన్నవన్నీ కంటికి కనపడని కణాలేనని, ఏ కణం ఎప్పుడు చావాలో దాని లోపలే రాసి ఉంటుందని చెప్పింది. కడుపులో ఉన్న పిండానికి వేళ్ల మధ్య తోలు ఉంటుందట. ఆ తోలులోని కణాలు వేళకు తమంతట తామే చచ్చిపోతేనే వేళ్లు విడివడతాయట. చావు కూడా ఒంటికి ఒక పని.

"మీ జబ్బుల ఆ లెక్క తప్పుతది. ఒకదిక్కు కణాలు పెరగొద్దన్న కాడ పెరిగి సంచులు కడుతయి. ఇంకోదిక్కు చావాల్సిన అవసరం లేని మంచి కణాలు చావు కబురు అందినట్టు చచ్చిపోతయి. సంచుల పక్కపొంటి ఉన్నయి ముఖ్యంగా. ఎందుకన్నది పెద్దపెద్దోళ్లకు కూడా ఇంకా పూర్తిగ తేలలేదు."

"కబురు ఎవరు పంపుతరు మేడం?"

"కణం లోపటికెల్లే వస్తది."

ఆమె నవ్వుతూనే చెప్పింది. బస్సులో ఇంటికి వస్తూ ఆ మాటే నెమరేశాను. శత్రువు బయటివాడైతే కర్ర పట్టుకుని నిలబడవచ్చు. ఇక్కడ నాలోనే ఎవరో కూర్చుని, నువ్వు పో, నువ్వు పో అని మంచివాళ్లకు చెబుతున్నారు. నేను అన్నం తింటున్నా, చాయ్ తాగుతున్నా, జోకులేస్తున్నా ఆ పని ఆగదు. ఊళ్లో దిగాక మాత్రం హోటల్ దగ్గర నిలబడి, "డాక్టరమ్మ నాకు గంటసేపు పాఠం చెప్పింది, నా అంత తెలివైన రోగి దొరకలేదన్నది" అన్నాను. పది నిమిషాలు చెప్పింది. రెండో మాట అనలేదు.

డిసెంబరు

బత్తాయి తోట ఉన్నవాళ్లకు ఈ నెల సంగతి తెలుసు. లేనివాళ్ల కోసం చెబుతాను. చలికాలంలో తోటకు నీళ్లు బంద్ చేస్తాం. ఎండగట్టడం అంటాం. చెట్టు కొన్ని వారాలు దాహంతో అల్లాడుతుంది. ఆకు వాడుతుంది, ముదురాకు రాలుతుంది. ఎవరూ తెంపరు, చెట్టే కాడ దగ్గర తెంచుకుని వదిలేస్తుంది. ఆ తర్వాత పాదులు తవ్వి, ఎరువేసి నీళ్లు వదిలితే కొమ్మకొమ్మకూ పూత. నీళ్లాపడానికి ధైర్యం లేనివాడి తోట పచ్చగా ఉంటుంది, కాయ ఉండదు.

ఆ ఏడు నేను తోట ఎండగట్టి, చెట్ల మధ్య కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ణి. ఒక మధ్యాహ్నం నా ముందర ఒక ముదురాకు రాలింది. గాలి లేదు. దాని వేళ అయింది, రాలింది. అప్పుడు నాకు ఆ ఆలోచన వచ్చింది.

సంచుల్లో ఉన్నది నీళ్లు. నీళ్లు పోస్తున్నది నేను. ఆపితే ఏమవుతుంది? దాహానికి పనికిమాలిన కణాలకు చావు కబురు అందుతుంది, సంచులు ముదురాకుల్లా రాలిపోతాయి, మంచివి మిగులుతాయి. తర్వాత నీళ్లు వదిలితే కొత్త కిడ్నీ చిగురు పెడుతుంది. యాభై ఏళ్లు తోటలో ఉన్నవాడికి తట్టిన ఇంత తేలిక సంగతి డాక్టర్లకు ఎందుకు తట్టలేదా అనిపించింది. నాకు గర్వంగా కూడా ఉంది. ఆ గర్వం కింద ఉన్నది భయమే. రక్తం కడిగే డయాలసిస్ యంత్రం మీద పడుకోకుండా ఏదైనా చేయాలి, నా చేతులతో చేయాలి.

నలభై రోజులు గొంతులో చుక్క పడనీయలేదని తర్వాత ఒకరిద్దరికి చెప్పాను. పంతొమ్మిది రోజులు. చుక్క పడనీయలేదన్నదీ తప్పే. పొద్దున ఒక చాయ్, సాయంత్రం ఒక చాయ్, మాత్రలకు గుక్కెడు నీళ్లు. ఒకరోజు తట్టుకోలేక మజ్జిగ తాగి, ఎవరైనా చూశారా అని దొంగలా చుట్టూ చూశాను.

లచ్చమ్మకు అనుమానం వచ్చింది.

"ఏమయ్యా, బిందె ఎట్ల నింపితే అట్లనే ఉంటాంది. నీళ్లు తాగుతున్నవా, సూస్తున్నవా?"

"తోట కాడ తాగుతున్ననే."

"తోట కాడ మోటరు బంద్ పెట్టి వారాలాయె. ఏడ తాగుతున్నవ్, ఆకుల మీది మంచు నాకుతున్నవా?"

"పక్కోళ్ల బోరు కాడ."

"నీ నోరు తెరిస్తే నిజం జారి పడ్తదని భయమా నీకు?"

నవ్వేశాను. నవ్వితే పెదవి పగిలి రక్తం వచ్చింది. పది రోజులకు నాలుక అంగిట్లో అతుక్కుపోయేది. పిక్కలు పట్టేసి కేక పెట్టేవాణ్ణి. మూత్రం కొంచెమే, చిక్కటి చాయ్ రంగు. అన్నం చూస్తే వాంతి. ఇవన్నీ సంచులు రాలుతున్న గుర్తులేనని నాకు నేనే చెప్పుకున్నాను. పంతొమ్మిదో రోజు కుర్చీలోంచి లేవబోయి కింద పడ్డాను. ఎండిన ఆకుల మీద చెంప ఆనించి పడుకుని, చెట్టును పైకి చూస్తూ, అది నాలా భయపడడం లేదని తెలుసుకున్నాను. దానికి ఇది అలవాటు. నా ఒంటికి కాదు.

జనవరి, మొదటి వారం

లచ్చమ్మ ఫోన్ చేస్తే సుజాత కారు మాట్లాడుకుని వచ్చి నన్ను వెనక సీటులో పడుకోబెట్టి తీసుకుపోయింది. రక్తంలో అంకె ఆరు దాటింది. ఊళ్లో పన్నెండని చెప్పాను. ఆరే చాలు, డాక్టరమ్మ మొహం మారిపోవడానికి.

"రెండు నెలల్ల ఇంత ఎట్ల పెరిగింది? ఏమన్న చెట్టు మందులు తిన్నరా? నొప్పి గోలీలు?"

"లేదు మేడం."

"నీళ్లు తాగుతున్నరా?"

"రోజుకు బిందెడు మేడం."

ఆ అబద్ధం చెప్పేటప్పుడు నాలుక ఎంత పొడిగా ఉందంటే మాట రెండు ముక్కలై వచ్చింది. ఆమె ఒంట్లో నీళ్లు తగ్గాయేమోనని నా చేతి మీది తోలు గిల్లి చూసింది, ముసలి తోలు కదా, ఏమీ తేల్చలేకపోయింది. తర్వాత, వయసు మీద పడ్డాక జబ్బు ఒక్కోసారి ఇలా పరుగందుకుంటుందని, యంత్రానికి సిద్ధం కావాల్సి రావచ్చని అంది. మళ్లీ రక్తం తీయమని, మంచం ఖాళీ అయ్యేదాకా బయట కూర్చోమని చెప్పింది.

సుజాత లేవలేదు. "మేడం, నా కిడ్నీ ఒకటి తీస్కోరి. నాకు జబ్బు రాదు గదా, ఆడపిల్లలకు రాదంట."

డాక్టరమ్మ ఆమెను చూసింది, నన్ను చూసింది.

"ఎవరు చెప్పిన్రు గట్ల? ఆడ మగ లేదమ్మా. మీకు కూడా సగం అవకాశం ఉన్నది. ముందు మీకు స్కానింగ్ చెయ్యాలె. రెండేండ్ల కిందనే చెప్పిన గద పెద్దయ్యకు."

సుజాత నా వైపు తిరిగింది. అరవలేదు, ఏడవలేదు. బడిలో తప్పు చేసిన పిల్లవాడు తనంతట తానే చెప్పేదాకా టీచర్లు ఎదురుచూస్తారే, అట్లా చూసింది. నేను గోడ మీద ఉన్న బొమ్మ చూశాను. అందులో రెండు కిడ్నీలు ఎర్రగా, నున్నగా, ఏ మచ్చా లేకుండా ఉన్నాయి.

బయట బెంచీ మీద ఖాళీ లేదు. ఒకాయన జరిగి జాగా ఇచ్చాడు. ఖాదర్ భాయ్, ఆ ఊళ్లోనే దర్జీ. వారానికి రెండుసార్లు యంత్రం మీద పడుకుంటాడు. నేను వణుకుతుంటే తన శాలువా తీసి నా మీద కప్పాడు. జేబులోంచి చిన్న స్టీలు గ్లాసు తీసి చూపించాడు, చాయ్ గ్లాసు కంటే చిన్నది.

"రోజుకు గిసువంటివి నాలుగే. మూత్రం రాదు గద నాకు, తాగిన నీళ్లు పానంల్నే నిలుస్తయి, ఊపిరాడదు. ఎండకాలం పక్కింటోళ్లు నల్లా తిప్పితే ఆ సప్పుడు కూడ ఇనబుద్ధి గాదు. ఖుదా కసం చెప్తున్న, లోటా నిండ తాగి మూడేండ్లాయె. మీకింక మూత్రం వస్తాంది గద?"

"వస్తాంది."

"అయితే మీరు రాజులు. తాగుతున్నరు గద నీళ్లు?"

డాక్టరమ్మకు అబద్ధం చెప్పాను, పెళ్లానికి చెప్పాను, బిడ్డకు చెప్పాను. ఆ చిన్న గ్లాసు ముందర చెప్పలేకపోయాను. తోట సంగతి, ముదురాకు సంగతి, పంతొమ్మిది రోజులు, అంతా చెప్పేశాను. మజ్జిగ కూడా చెప్పాను.

ఖాదర్ భాయ్ నోరు తెరుచుకుని విన్నాడు. తర్వాత ఆయన మొహం ఎర్రబడింది.

"పాగల్ అయినవా పెద్దమనిషీ? నువ్వు చెట్టువా? లే. లేస్తవా, నన్ను గుంజుకపొమ్మంటవా?"

లేవలేకపోతే చంక కింద చెయ్యి వేసి లేపాడు. ఆయనకే నిలబడే సత్తువ లేదు. ఇద్దరం ఒకరి మీద ఒకరం పడుతూ వరసలో ఉన్నవాళ్లను తప్పించుకుని లోపలికి పోయాం. సుజాత అక్కడే ఉంది. ఆమె ముందరే మళ్లీ మొదటినుంచి చెప్పాను. ఆడపిల్లలకు రాదన్న మాట నాదేనని కూడా చెప్పాను.

డాక్టరమ్మ చీటీ మీద సెలైన్ అని రాసింది. తర్వాత మెల్లగా అంది. "నీళ్లు ఆపితే సంచులు ఎండయి పెద్దయ్యా. అవి ఇంకింత నిండుతయి. దాహంతోని రక్తం సరిగ్గ అందక, మంచి కణాలకే చావు కబురు ముందుగాల పోతది. మీరు రాల్చింది ముదురాకు కాదు."

జనవరి, రెండో వారం

చేతికి సెలైన్ పెట్టారు. నా జీవితంలో అంత భయపడిన వారం లేదు. పొద్దున రక్తం తీసుకుపోతారు, మధ్యాహ్నం అంకె చెబుతారు. ఆ మధ్య గంటలు నేను పైకప్పు ఫ్యాను రెక్కలు చూస్తూ, లోపల ఏ కణం ఉందో, ఏది పోయిందో ఊహిస్తూ పడుకునేవాణ్ణి. ఆరు. ఆరే. అయిదున్నర. అయిదు. లచ్చమ్మ మంచం పక్కన కూర్చుని ప్రతి గంటకూ గ్లాసు నోటి దగ్గర పెట్టేది. నన్ను ఒక్క తిట్టు తిట్టలేదు. నలభై అయిదేళ్ల కాపురంలో ఆమె తిట్టకపోతే నాకు ఇంత దడ పుడుతుందని తెలియలేదు.

ఖాదర్ భాయ్ తన వంతు అయ్యాక వార్డు గుమ్మం దగ్గర నిలబడి, "ఏం చెట్టు సాబ్, చిగురు పెట్టిందా?" అని అడిగి పోయేవాడు.

అంకె మూడు దగ్గర ఆగింది. రెండున్నరకు మాత్రం రాలేదు. ఆ అర ఎక్కడ పోయిందని అడిగాను. జబ్బు తిన్నదెంత, నేను తిన్నదెంత? విడదీసి చెప్పలేమంది డాక్టరమ్మ. యంత్రం ఇప్పటికి అక్కర్లేదు, ఎప్పుడు కావాల్సి వస్తుందో తెలియదు. ఇలాంటి రోగం ఉన్నవాళ్లకు నేను చెప్పగలిగింది ఒకటే. మీ తెలివిని మీ పొలంలో వాడండి. నీళ్లు ఎంత తాగాలో డాక్టరును అడగండి, అడిగితే నిజం చెప్పండి.

ఇంటికి పంపే రోజు పొద్దున సుజాత స్కానింగ్ చీటీ పట్టుకుని వచ్చింది.

"ఇగ ఎందుకు బిడ్డా? నాకు కిడ్నీ అవసరం లేదన్నరు గద."

"నీ కోసం కాదు నాయినా. నా కోసం."

ఆమెను లోపలికి పిలిచారు. తలుపు మూసుకుంది. నేను దేవుళ్లకు మొక్కాను. ఆలంపూర్ జోగులాంబ తల్లికి నడిచి వస్తానని మొక్కాను, వెంటనే, అంత దూరం నడవలేను తల్లీ, బస్సులో వస్తానని సరిచేసుకున్నాను. దేవత దగ్గర పెంచే ధైర్యం ఆ రోజు లేదు.

సుజాత బయటికి వచ్చి నా పక్కన మెట్ల మీద కూర్చుంది. "ఎడమ దిక్కు మూడు, కుడి దిక్కు రెండు. చిన్నయి. ఇప్పుడేం కాదన్నరు. బీపీ సూస్కోవాలె, నీళ్లు మంచిగ తాగాలె, ఏడాదికోసారి సూపియ్యాలె."

ఆమె చేతిసంచిలోంచి బడి నోటు పుస్తకం తీసి, ఒక ఖాళీ పేజీలో నిలువు గీత కొట్టింది.

"నాయినా, నాకు ముందట ఏమైతదో నీకే తెలుసు. ఏ వయసుల ఏమైందో చెప్పు. జర పెంచకు. తగ్గియ్యకు. నా వయసుల నీకెట్లుండె?"

నీ వయసులో రెండు బత్తాయి బస్తాలు ఒక్కసారే ఎత్తేవాణ్ణి అనబోయాను. ఆగాను.

"ముప్పై నాలుగుల ఏం లేకుండె. నలభై రెండుల ఎడమ నడుము బరువుగ ఉండేది, పొద్దుగూకెటాల్లకు. యాభైల తలనొప్పి. బీపీ ఎన్నడు సూపియ్యలే. అరవై ఏడు దాకా పని చేసిన. అరవై తొమ్మిదిల ఎర్రగ వచ్చింది."

ఎడమ పక్క వయసు, కుడి పక్క నేను చెప్పింది, ఒక్కొక్కటి రాసుకుంది. రాసేటప్పుడు బడి పిల్లలకు చెప్పినట్టు పెదవులు కదిలాయి.

"ఇప్పుడు? డెబ్బై ఒకటి?"

"భయమైతాంది బిడ్డా."

నేను నవ్వుతానేమోనని నా మొహం చూసింది. తర్వాత డెబ్బై ఒకటి ఎదురుగా ఆ మాట రాసింది. దాని కింద ఒక అడ్డగీత కొట్టి, తన వయసు వేసింది. కలం కాసేపు ఆగింది. ముప్పై నాలుగు ఎదురుగా కూడా అదే మాట రాసింది.